నాటిన వనములు, నేలలోని నీరు: మెట్టసీమ నమ్మకముపై ఒక విమర్శ

“చెట్లు వానను కురిపించును, భూగర్భజలమును పెంచును” అను మాట వినబడని ఉన్నత పాఠశాల తెలుగుదేశమున లేదనిన అతిశయోక్తి కాదు. 1950లో కె. ఎం. మున్షీ వనమహోత్సవమును ఆరంభించినది మొదలు, ఏటేట తొలకరి నాళ్లలో విద్యార్థులు ఈ వాక్యముపై వ్యాసములు వ్రాయుచున్నారు, ఉపాధ్యాయులు దిద్దుచున్నారు. వాక్యము వినుటకు ఇంపైనది. దాని ఉద్దేశమును మంచిదే. కాని శాస్త్రవాక్యమునకు ఉద్దేశము మంచిదైనంత మాత్రమున చాలదు గదా! అది ఏ నేలలో నిజము, ఎంత వానలో నిజము, ఏ చెట్టు విషయమున నిజము అని అడిగి కొలిచి చూడవలెను. అట్లు కొలిచినవారు కొందరు కలరు. వారి ఫలితములను ముందుంచుకొని ఈ నమ్మకమును పరీక్షింతము. ఆ ఫలితములను కూడ పరీక్షింపక విడువరాదు.

పరీక్షకు ఒక స్థలము కావలెను. కర్నూలు జిల్లా పడమటి అంచున, ఆదవానికి ఉత్తరముగా, రాయచూరు పోవు రైలుమార్గముపై కోసిగి యున్నది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడువరకు ఆదవాని తాలూకాతోపాటు ఇది బళ్లారి జిల్లాలోనిది. చుట్టును గ్రానైటు గుట్టలు, వాటి పాదములచెంత ఎర్రని గరుసునేలలు, వాలు దిగినకొలది నల్లరేగడి. ఆదవాని, ఎమ్మిగనూరు, కోసిగి ప్రాంతమున సంవత్సర వర్షపాతము సుమారు 600 మిల్లీమీటర్లు. నైఋతి ఋతుపవనము సహ్యాద్రిని దాటునప్పుడే తన నీటిలో అధికభాగమును విడిచివేయును. ఈశాన్య ఋతుపవనము తీరమునుండి ఇంత లోపలికి వచ్చుసరికి బలహీనపడును. ఎండకును గాలికిని ఆవిరి కాగల నీరు మాత్రము కురిసిన వానకు రెండు రెట్లను మించును. ఇచ్చటి ఆకాశము ఇచ్చునది తక్కువ, అడుగునది ఎక్కువ. వాన తప్పిన యేడు ఈ మండలములనుండి కుటుంబములకు కుటుంబములే మిరపకోతలకు, పత్తితీతలకు గుంటూరు వైపు వలసపోవుట పత్రికలు చదువువారందరు ఎరిగినదే. ఇట్టిచోట రెండు మూడు అంగుళముల నీరు నేలలో నిలుచునా, పోవునా అనునది చిన్న ప్రశ్న కాదు.

మొదట వాన సంగతి తేల్చుకొందము. ఈ నమ్మకము మన దేశమున క్రొత్తది కాదు. మన కరవులతో దీనికి చుట్టరికము కూడ కలదు. 1849లో ఎడ్వర్డు బాల్ఫరు అను సైనిక వైద్యుడు మద్రాసునుండి వెలువడు ఒక విజ్ఞాన పత్రికలో, వానను రప్పించుటయందును తేమను నిలుపుటయందును చెట్లకు గల ప్రభావమును గూర్చి దీర్ఘమైన వ్యాసము ప్రకటించెను. 1876–78 నాటి మహాకరవు బళ్లారి, కర్నూలు సీమలను ఊడ్చివేసిన పిమ్మట, అడవులు నరకుటయే అనావృష్టికి కారణమను వాదమునకు బలము హెచ్చెను. 1882లో మద్రాసు అటవీచట్టము వచ్చెను. 1887లో, భారత వాతావరణశాఖకు మొదటి అధిపతియైన హెన్రీ బ్లాన్‌ఫర్డు, మధ్యభారతమున 1875 తరువాత అడవులను కాపాడిన ప్రదేశములలో వర్షపాతము పెరిగినదని లెక్కలతో చూపెను.

చూచుటకు ఇది గట్టి సాక్ష్యమే. లోపమెక్కడ నున్నది? ‘ముందు’ అని ఎంచుకొన్న యేండ్లును, ‘తరువాత’ అని ఎంచుకొన్న యేండ్లును కొద్దియే. వాన ఏ కారణము లేకయే కొన్ని యేండ్లు వరుసగా హెచ్చి, కొన్ని యేండ్లు వరుసగా తగ్గుచుండును. నాణెమును పదిసార్లు ఎగురవేసినచో వరుసగా నాలుగు బొమ్మలు పడవచ్చును. ఆ నాలుగుసార్లును మన చేతిలో తులసిదళ మున్నంత మాత్రమున బొమ్మలు దానివలన పడినవని చెప్పుదుమా? 1910లో గిల్బర్టు వాకరు దేశమంతటి వర్షపు లెక్కలను పరిశీలించి, అడవులు తగ్గినందువలన భారతదేశమున వానలు తగ్గినవనుటకు తగిన ఆధారము లేదని తేల్చెను. అమెజాను వంటి మహారణ్యముల సంగతి వేరు. అచ్చట చెట్లు విడిచిన ఆవిరి గాలివాలున పోయి వందలాది కిలోమీటర్ల ఆవల మరల వానగా కురియుచున్నదని నేడు స్పష్టముగా తెలియును. కాని కోసిగి గుట్టలపై వంద యెకరములు నాటి, దానికి మేఘములు దిగివచ్చునని ఎదురుచూచుట అమెజాను లెక్కను పెరటికి అన్వయించుట యగును. వాన మాటను పాఠములనుండి తొలగించినను చెట్టు గౌరవమునకు లోపమేమియు రాదు.

ఇక అసలు ప్రశ్న, నేలలోని నీరు. ఇచ్చటనే మన వాక్యము సగము నిజమై, సగము అబద్ధమై మనలను మోసపుచ్చుచున్నది.

చెట్టు రెండు పనులు చేయును. మొదటిది గరాటు పని. రాలిన ఆకులు వానచినుకు దెబ్బను కాచుకొనును. వేళ్లు చచ్చినచోట సన్నని గొట్టములు మిగులును. చీమలు, చెదలు, వానపాములు నేలను తొలిచి గుల్లచేయును. బోడినేలపై అట్ట కట్టి పారిపోవు నీరు చెట్టు క్రింద లోపలికి దిగును. ఇది మన పాఠ్యపుస్తకములు చెప్పు సగము.

రెండవది పంపు పని. ఆకుల అడుగున నున్న పత్రరంధ్రములనుండి నీరు ఆవిరియై పోవుచుండగా, ఆ లాగుడు దారునాళముల వెంట వేళ్లకొనలవరకు ప్రాకును. వేళ్లు మట్టిరేణువుల నంటిన నీటిని పీల్చును. దీనినే బాష్పోత్సేకమందురు. ఈ మాటయు పాఠ్యపుస్తకములలో నున్నది, కాని వేరొక అధ్యాయములో! వృక్షశాస్త్ర పాఠమున చెట్టు నీటిని గాలిలోనికి వదలును. పర్యావరణ పాఠమున అదే చెట్టు నీటిని భూమిలో దాచును. రెండు పాఠములను ఒకేరోజు చదివిన తెలివైన విద్యార్థి లేచి అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: రెంటిలో ఏది ఎక్కువ?

జొన్న, కొఱ్ఱ పైరులును ఈ పంపు పని చేయును. కాని వాటి వేళ్లు ఇంచుమించు ఒక మీటరు మందములోనే పనిచేయును. నాలుగైదు నెలలకు పైరు కోతకు వచ్చును, పంపు ఆగిపోవును. నీలగిరి చెట్టు పండ్రెండు నెలలును పచ్చగా నుండును. దాని వేళ్లు లోతునకు దిగును. వేసవిలో పైరులేని బీడు నిద్రించుచుండగా ఈ పంపు నడుచుచునే యుండును.

లెక్క వేసి చూతము. కురిసిన వానలో కొంత ఆవిరి యగును, కొంత వంకలలో పారును, మిగిలినది వేళ్లకు అందని లోతునకు దిగి భూగర్భజలమును చేరును. మన నేలలలో ఈ మిగులు ఎంత? భూగర్భజలముల అంచనాకై కేంద్రప్రభుత్వము నియమించిన సంఘము 1997లో సూచించిన ప్రమాణముల ప్రకారము, బంకమన్ను తక్కువగా గల శిథిల గ్రానైటు, నైసు శిలల ప్రాంతమున వానలో నూటికి 11 వంతులు, బంక ఎక్కువగా నున్నచో 8 వంతులు లోపలికి చేరునని ఎంచవలెను. 600 మిల్లీమీటర్ల వానలో నూటికి 11 అనగా 66 మిల్లీమీటర్లు, అనగా రెండున్నర అంగుళములకు కొంచెము మించినది. ఎకరముపై ఒక మిల్లీమీటరు నీరు 4,047 లీటర్లు. కావున ఎకరమునకు ఏడాదికి సుమారు 2 లక్షల 67 వేల లీటర్లు. బోర్లు, బావులు, వేసవిలో బిందెలు అన్నియు ఈ 66 మిల్లీమీటర్లపై ఆధారపడి బ్రతుకవలెను. మిగిలిన 534 మిల్లీమీటర్లు ఆవిరికో, వంకకో పోవును.

ఇప్పుడు విమర్శ ఎచ్చట తగులునో చూడుడు. నాటిన వనము పైరుకంటె అదనముగా ఏడాదికి 66 మిల్లీమీటర్లు త్రాగినచో, గరాటు పనివలన అంతకు అంత క్రొత్తగా ఇంకకున్నచో, భూగర్భమునకు చేరునది సున్న. ఎక్కువ వాన గల కోనసీమలో 66 మిల్లీమీటర్లు తేడా వచ్చినను బావికి తెలియదు. కోసిగిలో అదియే సర్వస్వము. చెట్టుయొక్క గుణము మారలేదు. మిగులు చిన్నదగుటవలన అదే గుణము ఇచ్చట దోషముగా పరిణమించుచున్నది.

అదనముగా త్రాగునా అను ప్రశ్నకు మన పొరుగుననే ప్రయోగము జరిగినది. 1980–90 దశకములలో బ్రిటనులోని జలశాస్త్ర సంస్థ, ఆక్స్‌ఫర్డు అటవీ సంస్థ, కర్ణాటక అటవీశాఖ మున్నగునవి కలిసి, అయాన్ కాల్డరు నాయకత్వమున శివమొగ్గ సమీపమునను, బెంగుళూరునకు తూర్పుననున్న హొసకోటలోను నీలగిరి తోటల నీటి వాడకమును కొలిచినవి. వారి పద్ధతులను విద్యార్థులు తెలిసికొనదగును. మట్టిలోని తేమకై ఒక గొట్టమును నేలలోనికి దింపి, దానిలో వేగముగా న్యూట్రానులను వెదజల్లు పదార్థమును దింపుదురు. న్యూట్రాను బరువైన పరమాణువులను తాకినపుడు గోడకు కొట్టిన బంతివలె తన వేగమును పోగొట్టుకొనకయే తిరిగివచ్చును. తనతో సమానమైన బరువుగల ఉదజని పరమాణువును తాకినపుడు మాత్రము గోలీని గోలీ తాకినట్లు వేగమును కోల్పోవును. మట్టిలో ఉదజని ముఖ్యముగా నీటిలోనే యుండును గనుక, నెమ్మదించిన న్యూట్రానుల లెక్కయే నీటి లెక్క. చెట్టు త్రాగునది కొలుచుటకు వేరొక యుక్తి. మ్రానులోనికి కొంచెము భారజలమును ఎక్కించి, ఆకులకు సంచులు కట్టి, వచ్చిన ఆవిరిలో అది ఎంత పలుచనైనదో చూతురు. సాంబారులో ఎన్ని నీళ్లు పోసిరో ఉప్పు రుచినిబట్టి చెప్పినట్లే ఇదియును.

ఫలితములు ఇవి. మూడు మీటర్ల లోతుగల నేలలందు నీలగిరి తోట ఏడాదికి త్రాగినది ఇంచుమించు ఆ యేటి వాన అంతయు. రాగి పైరు త్రాగినది అందులో సుమారు సగమే. ఎనిమిది మీటర్లను మించిన లోతుగల హొసకోట నేలలో వింత జరిగెను. వాన తక్కువైన మూడేండ్లలో కురిసినది 2,100 మిల్లీమీటర్లు కాగా, తోట ఆవిరిగా విడిచినది 3,400 మిల్లీమీటర్లు! లేని నీటిని ఎక్కడనుండి తెచ్చెను? పూర్వపు వానలు కొన్ని యేండ్లుగా లోతుమట్టిలో దాచిన తేమను, వేళ్లు ఏటేట క్రిందికి దిగుచు త్రాగినవి.

ఈ లెక్కను చూచి కొందరు నీలగిరిని రాక్షసిగా చిత్రించిరి. 2017లో కర్ణాటక ప్రభుత్వము క్రొత్తగా నీలగిరి నాటుటను నిషేధించెను. నిషేధము ఆ సీమకు తగినదే కావచ్చును. కాని ఒక ప్రయోగమును పూర్తిగా చదువక దాని తలకట్టును మాత్రము ఎత్తుకొనుట నమ్మకములో మరియొక రకమే యగును. ఆ ప్రయోగమును కొంచెము నిలదీసి చూతము.

మొదట, 3,400 అను అంకె నేరుగా కొలిచినది కాదు. కొలతలనుండి గణిత నమూనా ద్వారా అంచనా వేసినది. అది నమ్మదగునా? 3,400లోనుండి 2,100 తీసివేసినచో 1,300 మిల్లీమీటర్లు. ఎనిమిది మీటర్ల మట్టికి పంచినచో మీటరునకు సుమారు 160 మిల్లీమీటర్లు. బంకగల మీటరు మట్టి చెట్టుకు ఇచ్చుకొనగల నీటికి అది పైహద్దున నున్నది. అసాధ్యము కాదు, అట్లని తేలికగా ఒప్పుకొనదగినదియు కాదు. వేళ్లు ఎనిమిది మీటర్లకు క్రిందికి కూడ దిగి యుండిన లెక్క ఇంకను సులువుగా పొసగును. ఈ భాగహారమును తరగతిలో చేయించిన పిల్లలకు అంకెను ప్రశ్నించు అలవాటు కలుగును.

రెండవది, నీలగిరి వేళ్లు భూగర్భజల మట్టమునుండి నీరు పీల్చినట్లు ఆ ప్రయోగములలో ఆధారము కానరాలేదు. “నీలగిరి బావిలోని నీటిని లాగివేయును” అని జనులు చెప్పుకొను మాటకు ఇది సాక్ష్యము కాదు. జరుగునది వేరు. బావికి పైనున్న మట్టిని ఎండగట్టుటచేత, మరుసటేటి వాన మొదట ఆ ఎండిన మట్టిని నింపవలసి వచ్చును. నింపినగాని ఒక్క బొట్టును క్రిందికి దిగదు. 1,300 మిల్లీమీటర్ల అప్పును కోసిగి లెక్కన ఏటికి 66 మిల్లీమీటర్లు చొప్పున తీర్చవలసి వచ్చినచో ఇరువది సంవత్సరములు పట్టును. తోట నరికివేసిన తరువాత కూడ బావి వెంటనే ఊరకపోవుటకు కారణ మిట్టిది.

మూడవదియే అన్నింటికంటె ఇబ్బందికరమైనది, అందుచేత ఎవరును ఎత్తని విషయము. ఆ మూడు మీటర్ల నేలలందు సహజముగా పెరిగిన దేశవాళీ ఆకురాల్చు అడవియు నీలగిరితో సమానముగానే వానను త్రాగివేసినది! “నీలగిరి చెడ్డది, దేశవాళీ చెట్టు మంచిది” అను సులభసూత్రమునకు ఇది గొడ్డలిపెట్టు. లోతులేని నేలలో ఏ దట్టమైన చెట్లైనను ఉన్న నీటినంతయు వాడుకొనును. దానికి మించి వాడుటకు నీరే లేదు. తేడా వచ్చునది లోతైన మట్టిలో, వేగముగా పెరుగు జాతులను దట్టముగా నాటినపుడు.

ఈ సందర్భమున మన సర్కారుతుమ్మను తలచుకొనవలెను. కోసిగి వంకల వెంటను, చెరువు కట్టల వెంటను, బీళ్లలోను కమ్ముకొన్న కంప అదియే. 1870 దశకపు చివర, కరవు నాళ్లలో, వంటచెరకు కొరకు అమెరికా ఖండపు విత్తనమును తెప్పించి కడప జిల్లా కమలాపురము ప్రాంతమున నాటిరి. పేదలకు అది పొయ్యిలోనికి కట్టెయు, అమ్ముకొనుటకు బొగ్గును ఇచ్చినదనుట సత్యము. కాని దీని బంధువర్గపు చెట్టు వేళ్లు అరిజోనాలోని ఒక గనిలో 53 మీటర్ల లోతున కనబడినవని 1963లో ప్రకటించిరి. అంతలోతు వేళ్లుగల, ఏడాది పొడుగున పచ్చగా నుండు చెట్టును ‘పచ్చదనము’ పద్దులో వ్రాసికొని, నీటి పద్దును తెరువకుండుట న్యాయము కాదు.

ఒక తోటను చూచి సిద్ధాంతము చేయరాదని ఆక్షేపించువారు కలరు. ఆక్షేపణ సరియైనదే. అందుకే జంట పరివాహకముల పద్ధతి పుట్టినది. ఒకే తీరు రెండు చిన్న లోయలను ఎన్నుకొని, కొన్నేండ్లు రెంటి నీటిపారుదలను కొలిచి, ఆ పిమ్మట ఒకదానిలో మాత్రమే చెట్లు నాటుదురు లేదా నరుకుదురు. వాన హెచ్చుతగ్గులు రెంటికిని సమానమే గనుక మిగిలిన తేడా చెట్లదే. 1910లో అమెరికాలోని కొలరాడోలో ఇది మొదలైనది. మనకు దగ్గరగా, నీలగిరి కొండలలోని గ్లెన్‌మార్గనులో 1972లో ఒక లోయయందు నూటికి 59 వంతుల భూమిలో నీలగిరి నాటిరి. మొదటి పదేండ్లలో ఆ లోయనుండి పారిన నీరు నూటికి 16 వంతులు తగ్గినది. నరికిన మోడులు మరల చిగిర్చిన రెండవ పదేండ్లలో నూటికి 25 వంతులు తగ్గినది. అది కోసిగికంటె ఎన్నో రెట్లు తడిగల కొండసీమ అని మరువరాదు. అంకెలను యథాతథముగా తెచ్చుకొనరాదు, దిశను మాత్రము గమనింపవలెను. 2005లో రాబర్టు జాక్సనును ఆయన సహచరులును ప్రపంచమందలి ఇట్టి పరిశీలనలను ఒకచోట కూర్చి చూడగా, బీడును గడ్డిభూమిని వనముగా మార్చినచోట్ల ఏరుల నీరు సగటున సగము తగ్గినదని, నూటికి 13 ఏరులు ఒక్క యేడాదియైనను పూర్తిగా ఎండినవని తేలెను. దక్షిణాఫ్రికా ఈ సాక్ష్యమును చట్టముగా మార్చుకొన్నది. 1998 నాటి జలచట్టము ప్రకారము అచ్చట వ్యాపారపు వనము నాటుట ఏటినీటిని తగ్గించు పని. దానికి నీటిని వాడుకొనువానివలెనే అనుమతి పొందవలెను.

ఇంతవరకు చదివి, ఇక చెట్లు నాటవద్దందురా అని ఉపాధ్యాయులు కోపింపవచ్చును. గరాటు సంగతి ఇంకను మిగిలియున్నది. ఉల్రిక్ ఇల్‌స్టెడ్టు అను స్వీడను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును 2007లో ఉష్ణమండలపు పరిశీలనలను కూర్చి, పొలములలో చెట్లు నాటినచోట నేల ఇంకించు శక్తి సగటున మూడు రెట్లు అయినదని చూపిరి. ఆయనయే 2016లో, ఆఫ్రికాలోని బుర్కినాఫాసో దేశమున పొలములలో దూరదూరముగా చెట్లుగల సీమను పరిశీలించి, భూగర్భజలమునకు మేలైనది చెట్లులేని బీడును కాదు, దట్టమైన వనమును కాదు, నడిమి సాంద్రతయే అని వాదించెను. కారణము ఊహింపదగినదే. మొదటి కొన్ని చెట్లు నేలను గుల్లచేసి పారిపోవు నీటిని పట్టును. ఆ మేలు చెట్టు కొమ్మల హద్దును దాటి చుట్టుప్రక్కలకు ప్రాకును. అటు తరువాత చేర్చిన ప్రతి చెట్టును క్రొత్తగా పట్టునది కొద్ది, త్రాగునది మాత్రము యథాప్రకారము. పెండ్లిలో మొదటి నలుగురు వడ్డించువారు వచ్చిన పంక్తి సాగును. నలువది మంది వచ్చినచో వారి భోజనమునకే వంట చాలదు. ఈ సిద్ధాంతము నాకు నచ్చినది. అయినను అది ఒక దేశపు ఒక సీమలో, అచ్చటి చెట్టుపై, అచ్చటి నేలపై నిలిచినదని చెప్పక తప్పదు. మన వేప, చింత, కానుగలకు మన నేలలో ఆ నడిమి సాంద్రత ఎంతయో ఆ అంకెను బుర్కినాఫాసోనుండి అరువు తెచ్చుకొనలేము.

కోసిగి నేలలకు దీనినంతను అన్వయించినపుడు ఒకే ఊరిలో మూడు సమాధానములు వచ్చును. గుట్టవాలున జానెడు గరుసు క్రింద రాయి యున్నచోట దాచుకొన్న తేమయే లేదు. అచ్చట వాన అధికభాగము పారిపోవును. అట్టి వాలున సీతాఫలము, రేగు, వేప వంటివానితో నేలను కప్పుట గరాటు పనికి తోడ్పడును, పంపునకు అందునది కొద్ది. గుట్ట దిగువన లోతుగా శిథిలమైన ఎర్రనేల వేరు సంగతి. బోర్లకు నీరు దిగు ద్వారము తరచుగా ఇదియే. ఇచ్చట నీలగిరిని గాని సుబాబులును గాని దట్టముగా నాటుట ద్వారమునకు అడ్డముగా పంపును బిగించుట యగును. ఇక నల్లరేగడిలో బంక నీటిని పట్టియుంచును; లోతునకు దిగునది మొదలే తక్కువ. అచ్చట తగవు బావితో కాదు, ప్రక్కసాలు జొన్నతో. గట్టుమీది తుమ్మ ప్రక్కన నాలుగైదు సాళ్లు పైరు గిడసబారుట రైతు కంటికి తెలిసిన ప్రయోగమే.

వేరొక చిక్కును కూడ విప్పవలెను. అటవీభూములలోను బంజర్లలోను మొక్కలు నాటినపుడు సాధారణముగా సమతలరేఖల వెంట కందకములు త్రవ్వుదురు, వంకలకు అడ్డుకట్టలు వేయుదురు. ఆంధ్రప్రదేశమున 2000 ప్రాంతమున ‘నీరు–మీరు’ కార్యక్రమము క్రింద ఇట్టి పనులు విస్తారముగా జరిగినవి. కొన్నేండ్లకు బావులలో నీరు పెరిగిన, ఛాయాచిత్రములో కనబడునవి చెట్లు గనుక కీర్తి చెట్లకు పోవును. కందకము నీటిని ఇంకించును, త్రాగదు. మొక్క ఇంకించును, త్రాగును. రెంటిని ఒకేసారి చేసి ఒకదానికే ఫలితమును ఆపాదించుట, రెండు మందులు కలిపి మింగి రంగుమాత్రకే గుణము కట్టుట వంటిది. కందకములున్న ఒక లోయను, కందకములును చెట్లునున్న వేరొక లోయను ప్రక్కప్రక్కన కొలిచినగాని ఈ కీర్తిని పంచలేము.

లెక్కలు వ్రాయు తీరునే మార్చవలెనని ఇందువలన చెప్పుచున్నాను. 2015లో తెలంగాణమున హరితహారము 230 కోట్ల మొక్కల లక్ష్యముతో ఆరంభమైనది. 2016లో ఆంధ్రప్రదేశమున వనం–మనం వచ్చినది. రెంటిలోను పైకి వినబడినది మొక్కల సంఖ్య. నూటికి 33 వంతుల భూమి అడవిగా నుండవలెనను మాటయు అట్టిదే. 1952 నాటి జాతీయ అటవీవిధానము దేశమంతటికి మూడవవంతు చెప్పినను, కోతకు గురియగు కొండసీమలకు 60, మైదానములకు 20 వంతులని వేరుపరచినది. మనము ఆ వివేకమును మరచి 33ను మాత్రము కంఠస్థము చేసితిమి. ఏ అంకెయు వానను, మట్టిలోతును అడిగి పుట్టినది కాదు. చెట్టు నీడ, పండు, కట్టె, పశువుల మేత, మట్టికోతకు అడ్డు, గాలిలోని బొగ్గుపులుసు వాయువును దాచుకొనుట, వీటికై నాటుదుము. ఆ మేళ్ల కొరకు కొంత నీటిని వెచ్చించుట తప్పు కాదు. వెచ్చించుచున్నామని తెలిసి వెచ్చింపవలెను. జీతములో కొంత పిల్లల చదువునకు పోవుచున్నదని తెలిసిన గృహస్థు వేరు, ఆ సొమ్ము బ్యాంకులో పెరుగుచున్నదని తలచు గృహస్థు వేరు.

ఈ విషయమున కోసిగి, ఆదవాని, ఎమ్మిగనూరు పాఠశాలలు వినోదము కాక నిజముగనే పనికివచ్చు కొలతలు చేయవచ్చును. పెద్ద డబ్బా ఒకటి తెచ్చి రెండు మూతలును తీసివేసి, ముదురు వేపచెట్టు క్రింద నేలలోనికి రెండంగుళములు దిగగొట్టి, ఒక లీటరు నీరు పోసి, ఎన్ని నిమిషములలో ఇంకునో గడియారముతో చూడుడు. అదే డబ్బాను ప్రక్కన తొక్కుడుపడిన బీడులో దిగగొట్టి చూడుడు. ఒక్కొక్కచోట అయిదారుసార్లు చేసి సగటు తీయవలెను; ఒక్క చీమలపుట్ట లెక్కనంతను తలక్రిందు చేయగలదు. వేపక్రింద త్వరగా ఇంకును. దానినిబట్టి చెట్టు భూగర్భజలమును పెంచునని వ్రాయరాదు. అది గరాటు కొలత మాత్రమే.

పంపు కొలత ఓపికతో కూడినది. తోటకు ఆనుకొని యొక బావి లేక వాడుకలేని బోరు, అదే తీరు నేలలో తోటకు దూరముగా మరియొకటి, రెంటికిని దగ్గరలో మోటార్లు లేనివి చూచుకొని, నెలకొకసారి ఒకే తేదీన, ఉదయముననే, బరువు కట్టిన త్రాటితో నీటిలోతును కొలిచి పుస్తకములో వ్రాయవలెను. ప్రక్కన పాఠశాల వర్షమాపకపు లెక్కను కూడ వ్రాయవలెను. మూడేండ్లకు తక్కువైన లెక్క బ్లాన్‌ఫర్డు లెక్కవలె మోసపుచ్చును. పదవ తరగతివారు వెడలిపోవుచు పుస్తకమును ఎనిమిదవ తరగతివారికి అప్పగింపవలసి యుండును. చిక్కులు వచ్చినచో, భారతీయ మట్టి–జల సంరక్షణ సంస్థకు 1954నుండి బళ్లారిలో పరిశోధన కేంద్రము కలదు. అది రైలులో పోయిరాదగిన దూరమే. తొలి కొలతను మే నెల చివర, ముంగారు వాన పడకమునుపే తీసికొనవలెను.